ఐలమ్మ దాచిపెట్టిన మందు

మా గెట్టు పక్క ఐలమ్మ వదిన ఉత్త మొండిది. లాల్‌గడి మలక్‌పేట్ల చుట్టుముట్టు చెలకలన్నీ ప్లాట్లయినా, తన పేరు మీదున్న ఎకరం మాత్రం ఇడువలే. కొడుకు సుధాకర్‌ది భూముల దందా. రోజూ పోరు పెట్టి పెట్టి ఆఖరికి ఒక మాటకొచ్చిండు.

"గీ ఒక్క టమాట పంట చూస్త అమ్మా. మంచిగొస్తే నీ భూమి జోలికి రాను. పోతే సంతకం పెట్టాలె."

సరేనంది పిచ్చిది.

నాట్లేసినంక శ్రవణ్ సారు వచ్చిండు, పంట రోగాల మీద పరిశోధన చేసేటాయన. మా ఇద్దరికీ చెరొక సీసా ఇచ్చిండు. "ఇది బూజు జాతి నుంచి తీసిన మందమ్మా. వైరస్‌ను చంపదు, చెట్టుకే తట్టుకునే బలమిస్తది. ఆకుముడత రాకముందే కొట్టాలె. వచ్చినంక లాభం లేదు" అని మరీ మరీ చెప్పిండు. నేను నా టమాట చేన్ల కొట్టిన.

వదినేమో నన్నే తిట్టింది. "బాగున్న చెట్టుకు మందేందే? రోగాన్ని బొట్టు పెట్టి పిలుసుడా?" పిల్లలను సాదినప్పుడు గూడ గంతే, జరమొస్తెనే గోలి. సీసాను దేవునర్రల పసుపు కుంకుమల పక్కన పెట్టింది.

పూతకొచ్చినప్పుడు ముడత రోగాన్ని మోసుకొచ్చే తెల్లదోమ లేచింది. వదిన చేన్ల కొన్ని చెట్లకు ఆకులు ముడుసుకున్నయి. "పీకి బొంద పెట్టు వదినా" అని మొత్తుకున్న. వింటేనా! అప్పుడు తీసింది సీసా. నీళ్లల్ల కలిపి, చెట్టు చెట్టుకూ మొక్కుకుంట కొట్టింది. ఏం ఫాయిదా? చూస్తుండంగనే చేనంత ముడత. కాయలు పిల్లలాడే గోటీలంత గూడ కాలే. నా చేన్ల గూడ కొన్ని చెట్లు పోయినయి గని పంట నిలబడ్డది. ఆమె గట్టు మీద కూసొని నా చేను దిక్కు చూస్తుంటే మొహం చూపియ్యలేక వేరే బాటన పోయేదాన్ని.

సారు మళ్ల వచ్చిండు. "ఇంకో సీసా ఇయ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అంది వదిన. ఆయన ముడుసుకున్న ఆకొకటి తెంపి ఆమె చేతిల పెట్టిండు.

సంతకమైంది. జేసీబీ దిగిన నాడు సుధాకర్ నిమ్మళంగనే అన్నడు: "తూంకుంటల కొత్తిల్లు తీసుకున్న. ఇగ ఇంట్ల కూసొని తిను అమ్మా. నీకేం తక్కువ?"

వదిన వాని దిక్కు చూసింది.

"ఏం తినాలెరా? మన్ను తిందామన్నా మిగల్చకపోతివి కదరా."