రెండో ఫోటో ధర

ఆ వీధిలో అందరి పాస్‌పోర్టు ఫోటోలూ తీసింది స్టూడియో పెద్దమ్మే. "నవ్వొద్దు, గడ్డం కాస్త పైకి" అని కసిరి ఒకటి తీసేది. "అయిపోయింది, లే" అనగానే మనిషి హమ్మయ్య అని నవ్వేవాడు. అప్పుడు చటుక్కున రెండోది నొక్కేది. మొదటిది వాళ్లకి, రెండోది తనకి.

ఆ రెండో ఫోటోలను ఇప్పుడు లైబ్రరీ హాల్లో అమ్మకానికి పెట్టింది. ఎవరి ఫోటోకి వాళ్లను అడిగే పెట్టింది. చిక్కంతా ధర దగ్గరే వచ్చింది. చేతికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది? స్టూడియో బోర్డు మీదిలాగే కాగితం సైజును బట్టి ధర చీటీలు రాసి అంటించేసింది.

"అత్తయ్యా, ఇవేమన్నా పాస్‌పోర్టు కాపీలా?" అని కోడలు తల పట్టుకుంది.

"కాగితానికి తగ్గ డబ్బు చాలు. నేనెవరి జేబులూ కొట్టక్కర్లేదు" అని పెద్దమ్మ గయ్యిమంది.

ఇంతలో వీధి చివరి దర్జీ వచ్చాడు. గోడ మీద నోరారా నవ్వుతున్న తనను చూసుకుని మురిసిపోయాడు. చీటీ చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"ఇదేంటి పెద్దమ్మా? చొక్కా చేతులు పొట్టి చేయడానికి నేను తీసుకునేదీ ఇంతే. నా నవ్వు అంత చవకా?"

పెద్దమ్మ కోడలి చేతిలోని పెన్ను లాక్కుని, ఆ చీటీ మీదే కాదు, వరసగా అన్నిటి మీదా ఇంకో సున్నా చేర్చింది.

సాయంత్రం ఒకాయన దర్జీ ఫోటో ముందు ఆగి, "కొంచెం తగ్గించరాదూ?" అన్నాడు. పెద్దమ్మ నోరు తెరిచేలోపే దర్జీ అడ్డొచ్చాడు.

"చొక్కాకైతే తగ్గిస్తానండీ. దీనికి కుదరదు. ఇది మా పెద్దమ్మ తీసింది."