మొగలి పొదల రిపోర్టు

దొంగ రిపోర్టంట! ఆ మాటన్న ఫ్రెండు ఏసీ గదిలో కూర్చుని అన్నాడు. వాడికేం, ఎన్నయినా అంటాడు. దొంగ రిపోర్టు రాసినందుకు నాకు సిగ్గు లేదు. అసలు సిగ్గుపడాల్సింది దానికి ముందు రాసినదానికి. దాన్ని మాత్రం ఎవడూ ఏమీ అనడు.

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వైజాగ్‌లో పుట్టి పెరిగిన నాకు, మారిపోతున్న వాతావరణానికి తీరాన్ని సిద్ధం చేసే ప్రాజెక్టులో ఉద్యోగం దొరికింది. పలాసలో మకాం, రోజూ బైకు మీద అక్కుపల్లి వైపు. తుఫాను గాలినీ ఇసకనీ ఆపడానికి ఒడ్డంతా సరుగుడు మొక్కలు వరసగా నాటించాలి. ఆ ఒడ్డున అప్పటికే మొగలి పొదలున్నాయి. ఎందుకున్నాయో నేనడగలేదు. ఫోన్‌కి సిగ్నల్ దొరికేది ఆ ఇసక దిబ్బ మీదే. ఎక్కిన ప్రతిసారీ మొగలి ముళ్లకి నా ప్యాంటు చిరిగేది. 'పనికిరాని ముళ్ల పొదలు' అని మొదటి రిపోర్టులో రాసిపారేశాను.

దిబ్బ వెనక జీడితోట ఒక పెద్దాయనది. మావా అని పిలిచేవాణ్ణి. ఊరి మీటింగు ఆయన అరుగు మీదే పెట్టాను. చేపల పులుసుతో అన్నం పెట్టారు. "పొదలు తీసేసి మొక్కలేద్దాం, ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాను, వేళ్లు నాకుతూ. ఎవరూ నోరెత్తలేదు. 'ఊరంతా ఒప్పుకుంది' అని రాశాను.

జీడి పూత మీదున్నప్పుడు పొదలు నరికించాం. నెల తిరక్కుండానే ఉప్పుగాలికి పూత మాడిపోయింది. ఇసక వచ్చి దిబ్బవైపు చెట్ల మొదళ్లని కప్పేసింది.

"ముందే చెప్పొచ్చు కదా మావా!" అని అరిచాను. తప్పు నాది, అరుపూ నాదే.

"ఇంట్లో అన్నం తింతన్నోడికి ఎదురెలా సెప్తాం అల్లుడూ?"

"అయితే రోడ్డు మీద చెప్పాల్సింది."

"రోడ్డు మీద నువ్వెప్పుడు కాళీగున్నావేటి? ఆ ఫోను సెవి కాడ్నుంచి తీత్తే గదా!"

ఆయన భార్య లోపల్నుంచి అందుకుంది: "ఈపాలి అన్నం పెట్టకుండా సెప్పండి, ఇంటాడు."

వానలు పడ్డాక మేం సరుగుడు నాటాం. మేం కుప్పేసి వదిలేసిన మొగలి కొమ్మల్లో ఇంకా పచ్చిగా ఉన్నవాటిని మావ ఏరుకొచ్చి, మా వరసల మధ్యలో ఇసకలో గుచ్చుకుంటూ పోయాడు. "మా తాత ఇలగే గుచ్చాడు" అన్నాడు. అంటే నేను నరికించినవి వాటంతట అవి మొలిచినవి కావు, ఒకాయన కావాలని పాతినవి! వానలు పోయాక సరుగుడుకి నీళ్లెవరు పోస్తారో మా ప్లానులో లేదు. మొక్కలు చాలావరకు ఎండిపోయాయి. మొగలి కొమ్మలకి మాత్రం వేళ్లు దిగాయి.

రెండో ఏడాది మా పైఅధికారి ఫోన్ చేశాడు. "తనిఖీ ఉంది. సరుగుడు వరసల్లో పిచ్చి పొదలు కనపడకూడదు. పీకించెయ్." నేను దిబ్బ మీదున్నాను. కింద నిలబడి మావ నా మొహమే చూస్తున్నాడు.

"ఏటంతాడు?"

"పీకెయ్యమంటున్నాడు."

"ఈపాలి తోట పోతే మళ్లీ పెంచడానికి నాకు ఓపిక నేదు అల్లుడూ."

ఫోన్ స్విచాఫ్ చేశాను. నా జన్మలో అదే మొదటిసారి. ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను: 'మొగలి కొమ్మలు మా ప్రాజెక్టు ప్రయోగంగా నాటినవి.' ఫోటో కూడా జతచేశాను. అంతే, నిన్నటి పిచ్చి పొదలు ఒక్క రోజులో ఆదర్శమైపోయాయి. తనిఖీకొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. నా భుజం తట్టి, అక్కడో బోర్డు పాతారు.

బోర్డులో మావ ఊసే లేదు. సిగ్గుపడుతూ చూపించాను.

"పోన్లే, బోర్డు మీది, పొదలు మావి. గాలికి సదువొచ్చేటి?" అన్నాడు.

పొదలు నిలిచాయి. వాటి వెనక తోటా నిలిచింది. ఆ రోజు నిజం రాసుంటే పీకించేసేవాళ్లే. అయినా నేను అబద్ధం రాయకూడదనే అంటారా? అయితే జీడి పూత వేళకి ఆ దిబ్బెక్కి, సముద్రం గాలికి ఎదురుగా మొహం పెట్టి అనండి చూద్దాం, అనగలరా?