నాయిన పక్క సీట్లో కూర్చున్న పొద్దు

నాయిన నా కారు ఎక్కడానికి ఒప్పుకున్నది ఒకే ఒక్క షరతు మీద. "నన్ను కోదాడ దాక తీస్కపో. నా మనసుకు ఒప్పితే మద్రాసు పో, ఎంతన్న తిప్పుకో. ఒప్పకుంటె కారు అమ్మేయాలె. ఇగ మళ్ల దాని ముచ్చట ఎత్తొద్దు."

మద్రాసు దగ్గర ఒక రేసు ట్రాక్ ఉంది. పోటీలు లేని రోజుల్లో అక్కడ పేరు రాయించుకుంటే ఎవరి కారు వాళ్లు ఎంత వేగంగానైనా నడుపుకోవచ్చు. రెండు వేల పన్నెండు ఎండాకాలంలో మొదటిసారి పోయాను. కాసేపటికే బ్రేక్ ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడిపోయింది. మలుపు తిరగలేక గడ్డిలోకి దూసుకుపోయి ఆగాను. నాకేమీ కాలేదు గానీ పగిలిన బంపరును ఇంట్లో ఎక్కడ దాస్తాం? అప్పటి నుంచి మిర్యాలగూడలోని మా రైసు మిల్లులో నాయిన, నేను ఎదురెదురుగా కూర్చుని కూడా వడ్ల తేమ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. ఆయన అలక అంత గట్టిది. నా మొండితనం కూడా ఆయన దగ్గర నుంచి వచ్చిందే కాబట్టి నేనూ తగ్గలేదు.

చలికాలంలో ట్రాక్ మళ్లీ తెరుస్తున్నారని తెలిసి బ్రేకులన్నీ మార్పించాను. ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, వాటిని నొక్కిపట్టి ఆపే, వేడికి తట్టుకునే ప్యాడ్లు, రబ్బరు పైపుల బదులు స్టీలు అల్లిక పైపులు, తొందరగా మరగని ఆయిల్. సూర్యాపేట నుంచి మెకానిక్ వచ్చి మిల్లు ఆవరణలోనే అన్నీ బిగించాడు. పోతూ పోతూ ఒక మాట గట్టిగా చెప్పాడు. "అన్నా, కొత్తయి ముందుగాల సరిగ పట్టయి. ఖాళీ రోడ్డు మీద కొన్నిసార్లు గట్టిగ తొక్కి వేడి చెయ్యాలె. గప్పుడు ప్యాడు, డిస్కు ఒకదానికొకటి అలవాటైతయి."

మర్నాడు పొద్దున్నే నాయిన తెల్లచొక్కా వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. సీటు బెల్టు పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. అదే నాకు ఆశ్చర్యం.

గేటు దగ్గర బ్రేకు తొక్కితే కారు కొంచెం ముందుకు జారి ఆగింది. కొత్తవి కదా అనుకున్నాను. ఊరు దాటాక ఖాళీ రోడ్డు చూసి వేగం పెంచి గట్టిగా తొక్కాను. వేగం తగ్గింది గానీ, తగ్గాల్సినంత కాదు. మళ్లీ తొక్కాను. "ఏమైంది?" అన్నాడు నాయిన. "ఏం కాలే నాయినా, వేడెక్కాలె, గప్పుడు మంచిగ పడతయి" అన్నాను. ఆయన అద్దంలోంచి రోడ్డు చూస్తూ, చూపుడు వేలితో మోకాలి మీద కొట్టుకుంటూ ఉన్నాడు. బేరం తెగేటప్పుడు ఆయన చేసే పని అది. ఆయన ముందు నా కారు పరువు పోకూడదు, అదొక్కటే నా మనసులో ఉంది.

నేరేడుచర్ల దాటాక రోడ్డు సగం మేర వడ్లు ఎండబోసి ఉన్నాయి. కోతల కాలంలో మా వైపు రోడ్డంటే కల్లమే. ఎదురుగా కోసిన వరి కొయ్యకాళ్లు మిగిలిన మడిలోంచి గొర్ల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. మంద నడుమ భుజం మీద గొర్రెపిల్లతో కాపరి.

బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కారు మాత్రం పోతూనే ఉంది. రెండు కాళ్లూ కలిపి తొక్కినా అంతే. గేరు తగ్గించాను. ఇంజను అరిచింది. హ్యాండ్‌బ్రేకు లాగాను. కారు వెనక భాగం ఊగింది. కాపరి మా వైపు తిరిగి అట్లాగే నిలబడిపోయాడు. నాయిన చెయ్యి నా తొడ మీద పడింది. పిడికెడు మాంసం పట్టుకున్నాడు.

ఎండబోసిన వడ్ల మీద టైరు ఆగదు, జారుతుంది. రాశిలోకి పోతే ఆగుతుంది. మిల్లులో పెరిగినవాణ్ని, అది ఆలోచించుకోవాల్సిన పని పడలేదు. పక్కన పట్టా కప్పిన రాశి కనబడితే కారు ముక్కు దాన్లోకి పొడిచాను. వడ్లు అద్దం మీదికి లేచాయి. ఆగింది.

గొర్లు అరుస్తున్నాయి. కాపరికీ మాకూ మధ్య రెండు బారల దూరం కూడా లేదు. దిగి చూస్తే ముందు చక్రాల నుంచి పొగ. నాకు కోపం ఆగలేదు. మెకానిక్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "నాయినను సంపుదువు గదరా, ఏం బిగించినవ్?" అంటూ ఇంకా ఏమేమో అన్నాను. అటువైపు నుంచి "అన్నా, జర ఇనన్నా" అంటున్నా వినలేదు.

నాయిన చక్రం దగ్గర వంగి, పొగ వాసన చూసి, లేచి నా చేతిలో ఫోను మీద చెయ్యి పెట్టాడు.

"వాన్ని తిట్టకు. నేనే రాసిన."

"ఏంది రాసింది?"

"ఆముదం."

మా మిల్లులో ఒక పద్ధతి ఉంది. కొత్త ఇనుము ఏది వచ్చినా, రోలరు కానీ షాఫ్టు కానీ, ఇంటి పెద్ద తన చేత్తో ఆముదం రాసి బొట్టు పెట్టందే అది తిరగదు. నాయిన తెల్లారకముందే లేచి, అల్లాయ్ చక్రం సందుల్లోంచి వేళ్లు పెట్టి రెండు డిస్కులకూ రాశాడట. మెరుస్తున్న కొత్త ఇనుము, ఉత్తగా ఎట్ల తిప్పుతరని.

ఫోను పెట్టేశాను. ఇంకొకటి కూడా నాకు తెలుసు. తన మనసుకు ఒప్పని యంత్రాన్ని నాయిన ముట్టుకోడు. బాబాయి ఆయన మాట కాదని తెచ్చిన పాలిషింగ్ మిషనుకు ఇన్నేళ్లయినా ఆయన చేతి బొట్టు లేదు. అంటే నన్ను పరీక్షిస్తానని కూర్చున్న మనిషి, కూర్చోకముందే ఒప్పేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ కాపరి వంక చూస్తే ఒళ్లు జలదరించింది. రెండూ ఒకేసారి.

నాయిన కాపరి దగ్గరికి పోయి రెండు చేతులూ జోడించాడు. ఆయన ఇంకొకరి ముందు తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. "తప్పు నాది తమ్మీ. పిలగానిది కాదు." కాపరి గొర్రెపిల్లను కిందికి దింపి, "ఏం కాలే గద సేటూ, ఊకో" అన్నాడు. ముగ్గురం కలిసి చెదిరిన వడ్లను రాశికి ఎగదోసి పట్టా సర్దాం.

ప్యాడ్లు నూనె తాగేశాయి, ఇంక పనికిరావు. కొత్తవి వచ్చేలోపు ట్రాక్ రోజు వెళ్లిపోతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కారును లాక్కుపోయే బండి కోసం ఎదురుచూస్తూ రోడ్డు పక్కన కూర్చున్నాం.

"అమ్మేయాల్నా నాయినా?" అని అడిగాను.

"అమ్మకు. పో" అన్నాడు. తన వేళ్లు చూసుకుని, "కని ఇగ నన్ను దేన్నీ ముట్టనియ్యకు" అన్నాడు.

చేతులు పొద్దున స్నానంలోనే కడుక్కున్నాడు. అయినా కింది నుంచి మట్టి తీసుకుని వేళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నేను కారులోంచి సీసా తెచ్చి నీళ్లు పోశాను. ఆయన వాసన చూసుకుని మళ్లీ రుద్దుకున్నాడు.

"ఇంకింత పొయ్యి" అన్నాడు.

పోశాను.