అన్నం ఉడికేలోగా పరుగు

ఆ రోజుల్లో ఒళ్ళు గట్టిపడాలంటే మంచి తిండి కావాలని అందరూ చెప్పేవారు గానీ, తీరిక కూడా కావాలని ఎవరూ చెప్పేవారు కాదు. అరవైల చివర్లో నేను యూనివర్సిటీ ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. తార్నాకలో ఒక రిటైర్డు రైల్వే గార్డు గారింట్లో, మేడ మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. పొద్దున్నే కుళాయి వచ్చినప్పుడు నీళ్ళు మోసుకోవడం, కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకోవడం, పదింటికి ఆఫీసు, సాయంత్రం లా క్లాసులు. ఇంత పని చేసే మనిషినే అయినా, చూస్తే మాత్రం గాలికి ఎగిరిపోయేలా ఉండేవాణ్ణి. ఫైళ్ళు పట్టుకుని రెండో అంతస్తు ఎక్కితే, నోట్లోంచి మాట రావడానికి రెండు నిమిషాలు పట్టేది. అది చూసి మా సూపరింటెండెంటు గారు నాకు 'ఊదుబత్తి' అని పేరు పెట్టారు. మొదట మా సెక్షన్లో వాళ్ళే పిలిచేవారు. తరవాత క్యాంటీనుకి పాకింది. చివరికి జీతాల రోజున క్యాషియరు కూడా నిండు వరండాలో ఆ పేరే కేకేశాడు. (పైగా నేను పలికాను.) ఆ రోజు గదికొచ్చి నిజంగా ఏడ్చాను.

అంతలో ఉద్యోగుల ఆటల పోటీలొచ్చాయి. గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్ల పరుగు పందెం కాగితంలో సూపరింటెండెంటు గారు తన చేత్తోనే నా పేరు రాసి, సెక్షనంతా వినేలా అన్నారు: "మన ఊదుబత్తి ఫస్టొస్తే వారం దినాలు మీకందరికీ నా చేత్తోని చాయ్ పోస్తా. మళ్ళ ఆ పేరుతోని పిలువ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ చివరి మాట మనసులో పాతుకుపోయింది. పందెం నలభై రోజుల్లో ఉంది.

సాయంత్రం మెట్ల దగ్గర గార్డు గారికి గోడు వెళ్ళబోసుకున్నాను. సాధన చేద్దామంటే టైము లేదండీ అన్నాను. ఆయన జేబులోంచి రైల్వే గడియారం తీసి, తప్పు నాదో టైముదో తేల్చుకునేవాడిలా దానివంక చూశారు.

"అన్నం పొయ్యి మీద పెట్టినంక ఏం చేస్తున్నవు బిడ్డా?"

"ఉడుకుతుందో లేదో చూస్తూ కూర్చుంటానండీ."

"నువ్వు చూస్తే ఉడుకుతదా, చూడకుంటే ఉడకదా? గా పదిహేను నిమిషాలు చాలు. నిమిషం పానం పెట్టి ఉరుకు, అర నిమిషం ఆగు. మళ్ళ ఉరుకు. పాసింజర్ బండి గిట్లనే కదా, ఆగుకుంట ఆగుకుంట ఊరు చేరుతది."

మర్నాటి నుంచి మేడ మీద రైల్వే పాలన మొదలైంది. నా గదిలో స్టవ్వు మీద అన్నం, బయట డాబా మీద కుర్చీలో గార్డు గారు. ఆయన పచ్చజెండా ఊపితే నేను ఉన్నచోటే మోకాళ్ళు ఛాతీకి తగిలేలా పరుగెత్తాలి, గుంజిళ్ళు తియ్యాలి, దండీలు కొట్టాలి. విజిల్ వేస్తే ఆగాలి. విజిల్ పడ్డాక ఒక్క అడుగు వేసినా సిగ్నల్ దాటినట్టే, మొత్తం మొదటినుంచి చెయ్యాలి. (నలభై ఏళ్ళ సర్వీసులో ఆయన ఆ ఒక్క తప్పునూ క్షమించలేదట.) కింద వంటింట్లోంచి పెద్దమ్మ, అంటే గార్డు గారి భార్య, "గా దుముకుడేంది, పప్పుల సున్నం రాలుతున్నది" అని కేకలేసేది. వారం తిరిగేసరికి ఆవిడే గిన్నె మీద మూతపెట్టి, "ఇయ్యాల ఇంక దుముకుతలేడేంది, నా చాయ్ ఎప్పుడు దింపాలె" అని అడగడం మొదలుపెట్టింది. నేను రెండు అన్నాలు మాడబెట్టాను, ఒక లుంగీ చింపుకున్నాను. కానీ నెల తిరిగేసరికి ఫైళ్ళతో రెండో అంతస్తెక్కి, ఆగకుండా మాట్లాడాను. అంతకు ముందు ఎవరూ వినని గొంతు అది, నాకే కొత్తగా ఉంది.

పందెం రోజున గార్డు గారు, పెద్దమ్మ రిక్షాలో వచ్చి గ్రౌండు మెట్ల మీద కూర్చున్నారు. మూడు రౌండ్లు అయ్యేసరికి పొట్టలున్నవాళ్ళంతా వెనకబడ్డారు. నాలుగో రౌండు సగంలో నేనే ముందున్నాను, నా వెనక రికార్డు రూము దఫేదారు ఒక్కడే. సరిగ్గా అప్పుడే అవతల లాంగ్ జంప్ దగ్గర ఎవరో విజిల్ వేశారు.

నేను ఆగిపోయాను. నలభై రోజుల అలవాటు, కాళ్ళు నన్ను అడగలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, నేర్పినట్టే నిదానంగా ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాను. దఫేదారు నావంక జాలిగా చూస్తూ దాటిపోయాడు. ఇంకో ఇద్దరూ పోయారు. "ఊదుబత్తి ఆరిపోయింది" అని సూపరింటెండెంటు గారి గొంతు వినిపించింది. పరుగెత్తాలని నాకు తెలుసు. కానీ పచ్చజెండా లేదే.

గార్డు గారికి ఒక్క క్షణంలో అర్థమైంది. పెద్దమ్మ ఒళ్ళో గుడాలు మూటగట్టిన ఆకుపచ్చ గుడ్డ ఉంది. ఆయన దాన్ని లాగి, లేచి నిలబడి ఊపారు. ఉడికించిన శనగలు ముందు వరసలో కూర్చున్న పెద్ద ఆఫీసర్ల నెత్తిన అక్షింతల్లా పడ్డాయి. నేను కదిలాను. మిగతావాళ్ళు నాలుగో రౌండు చివర్లో ఉన్నారు, నేను మాత్రం అప్పుడే విశ్రాంతి తీసుకుని మొదటి నిమిషంలో ఉన్నాను. ఇద్దరిని మలుపులోనే దాటాను. దఫేదారుని గీతకి మూరెడు ముందు దాటాను. ఆ మూరెడు దూరాన్ని నేను ఇప్పటికీ చూపించగలను.

సూపరింటెండెంటు గారు మాట మీద నిలబడ్డారు. మర్నాడు కెటిల్ పట్టుకొచ్చి, మొదటి గ్లాసు నాకే పోసి, "తీసుకోండి" అన్నారు. ఊదుబత్తి పేరు ఆ రోజుతో పోయింది. (దాని స్థానంలో 'పాసింజరు' వచ్చింది. రిటైరయ్యేదాకా ఉంది. దానికి మాత్రం నేనెన్నడూ బాధపడలేదు.)

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చూపించి, "పని ఎక్కువున్న వాళ్ళకోసం కొత్త పద్ధతి తాతయ్యా, కొంచెంసేపు జోరుగా చెయ్యాలి, కొంచెంసేపు ఆగాలి, ఇంట్లోనే" అంది. నాకు ఇప్పుడు పనేమీ లేదు, తీరిక బోలెడు, మోకాళ్ళే లేవు. అయినా కుర్చీ పట్టుకుని మొదలుపెట్టాను. వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది. ఆగిపోయాను.

"ఇంకా పది సెకన్లుంది తాతయ్యా" అంది. అని, నా మొహం చూసి నవ్వింది. ఈ కథ తనకి ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు. దండెం మీది ఆకుపచ్చ తువ్వాలు తీసి, గార్డు గారంత గంభీరంగా నిలబడి ఊపింది. నేను మళ్ళీ బయలుదేరాను.