శుక్రవారం తెరిచి ఉండే దీవి

మా చిన్నప్పుడు ముంబై దగ్గరి భివండి నిజాంపురాలో శుక్రవారం పొద్దున లేస్తే చెవుల్లో గుయ్‌మనేది... ఆరు రోజులు టకటకలాడిన సాంచెలు ఆ రోజు ఆగేవి మరి! కరెంటు ఉండదు, కార్ఖానాలు బంద్, సగం బజారు బంద్. ఊరంతా గుడ్డ నేసే ఆ సాంచెల మీదే బతికేది కాబట్టి వాటికి సెలవైతే అందరికీ సెలవే...

ఒక్క మా బాపుకు తప్ప.

బాపు జాబర్. అంటే సాంచెలను బాగుచేసే మనిషి. అవి నడిచే రోజుల్లో ఏది మొరాయిస్తే దాని దగ్గరికి ఉరకాలి. ఆగిన రోజు అన్నింటినీ విప్పి, తుడిచి, నూనె పెట్టాలి. ఇక సెలవెక్కడిది? నాకూ అక్కకూ మరాఠీ బడి, ఆదివారం సెలవు. అమ్మ ఇంట్లోనే కండెలు చుట్టేది. ఒకటే గది ఉన్న ఖోలీలో కాపురం... అయినా నలుగురం పగటిపూట ఒక్కచోట కూర్చున్నది నాకైతే గుర్తు లేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా అక్క పుస్తకంలో ఒక పాఠం వచ్చింది... ముంబై సముద్రంలో దీవి, పడవలో పోవాలి, అక్కడ కొండను తొలిచిన గుహలు. అక్క గట్టిగా చదివింది, "ఘారాపురీచీ లేణీ" అని. మరాఠీలో లేణీ అంటే గుహలు. అమ్మకు ఆ ముక్క తెలియదు.

"లేనిదాన్ని సూడనీకి గంత దూరం పడవెందుకే?" అంది.

పడీ పడీ నవ్వాం. అన్నం తింటున్న బాపుకు పొలమారింది. నీళ్లు తాగి, "దివాలికి పోదాం తియ్. సాంచెలు బంద్ ఉంటయి, పండుగ దినాలల్ల నాకు సుత పని ఉండదు" అన్నాడు.

అంతే... నెల రోజులు ఇంట్లో అదే ముచ్చట. అమ్మ సర్వపిండి చేస్తానంది. అక్క ఒక కాగితం మీద దారి రాసింది... బస్సులో థానే దాకా, అక్కడి నుంచి రైలు. నాకు దీవి సంగతి తర్వాత. పడవలో బాపు పక్కన నేనే కూర్చోవాలి, పొద్దంతా ఆయన్ని వదలొద్దు... నాకు కావాల్సింది అదొక్కటే. అక్కతో జుట్లు పట్టుకుని మరీ ఆ చోటు ఖాయం చేసుకున్నాను.

బాపు ఏ పనైనా ముందే కనుక్కుని గానీ కదలడు. పక్క ఖోలీలో ఉండే మల్లేశం కాక రోజూ ముంబైకి టెంపో నడిపేవాడు. ఆయన్ని పిలిచి అడిగాడు.

"మల్లేశం, ఆ దీవి శుక్రారం బంద్ ఉంటదా ఏంది?"

కాక కనుక్కొచ్చి చెప్పాడు. "లేదన్నా, శుక్రారం మంచిగ చాలూ ఉంటదట."

బాపు మనసు కుదుటపడింది. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, మేమెరిగిన లోకంలో ఏది ఆగినా శుక్రవారమే ఆగాలి. ఆ రోజే తెరిచి ఉందంటే ఇక మిగతా రోజుల సంగతి అడిగేదేముంది? మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. పూజలూ చుట్టాలూ అయ్యేసరికి మాకు మిగిలింది సోమవారం. మంగళవారం మళ్లీ సాంచెలు మొదలు.

తెల్లవారకముందే లేచాం. అమ్మ పెళ్లినాటి చీర కట్టింది. బస్సు, రైలు, మళ్లీ బస్సు... పడవలు బయల్దేరే గేట్‌వే దగ్గర దిగితే ఎదురుగా సముద్రం! దీవికి టికెట్లిచ్చే కిటికీ మాత్రం మూసి ఉంది. పక్కనే చాయ్ తాగుతున్న పడవ మనిషి మా సంచులను ఎగాదిగా చూసి, "ఆజ్ సోమ్‌వార్ హై. లేణీ బంద్" అన్నాడు.

"బంద్ తో జుమ్మే కో రహతా నా?" అన్నాడు బాపు... బంద్ ఉండేది శుక్రవారం కదా అని. అతనికి ఏమీ అర్థం కాలేదు. బాపు అమ్మ వైపు తిరిగి, "దీవికి సోమారం సుట్టీ ఏందే..." అన్నాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నీకేం తెల్వదు బాపూ!" అని అంతమందిలో అరిచేశాను. అమ్మ కసిరింది.

సముద్రం ఒడ్డున గోడ పక్క నీడలో కూర్చుని సర్వపిండి తిన్నాం. బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను లేచి అక్క అవతలికి పోయాను. కాసేపటికి ఆయన సంచి తల కింద పెట్టుకుని నిద్రపోయాడు. "లేపకుండ్రి, పాపం" అంది అమ్మ. పట్టపగలు బాపు నిద్రపోవడం చూసింది అదే మొదటిసారి. లేచాక భేల్ కొనిస్తానన్నాడు, నడువు పెద్ద పడవలు చూద్దామన్నాడు... నేను ఉలకలేదు, పలకలేదు. అక్కను తీసుకుపోయాడు. తిరుగు రైల్లోనూ నాది అదే మొండితనం.

మరుసటి దివాలికి అక్క పరీక్షలు అడ్డం వచ్చాయి. ఆ తర్వాత ఇంట్లో ఆ మాటే రాలేదు.

నేనిప్పుడు కాశేలిలో ఒక గోదాము ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏది ఏ రోజు బందో ఫోన్లో చూస్తే చాలు... అయినా మా ఇంట్లో ముగ్గురికి మూడు సెలవులు. ఆఫీసు వాళ్లతో ఆ దీవికి రెండుసార్లు పోయొచ్చాను. గుహలు బాగున్నాయి. బాపు చూడకుండానే పోయాడు.

దానికి నాకు అంత బాధ లేదు, నిజం... గుహల మీద ఆయనకూ పెద్ద ఆశేం లేదు. నెల రోజులు నేను ఏ రోజు కోసం కొట్లాడానో ఆ రోజు నాకు దొరికింది. బాపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ పనీ లేకుండా నా పక్కనే ఉన్నాడు. మూతి ముడుచుకుని అవతలికి పోయింది నేనే.

మీ ఇంట్లో అందరికీ ఒకేసారి సెలవు దొరికిన రోజు ఏదైనా గుర్తుందా... ఆ రోజు ఏం చేశారో చెప్పండి, తీరిగ్గా చదువుకుంటాను.