డొమ్లాకు కప్పిన చపాను

తోష్‌పులాత్ ముప్ఫయ్యేళ్లు జిల్లా పత్రికలో అచ్చుతప్పులు దిద్దాడు. చదువుకున్నవాడని అందరూ డొమ్లా అనేవాళ్లు. పత్రిక మూతపడ్డాక ఆయనకు దిద్దడానికి మర్గిలాన్ ఊరంతా మిగిలింది.

సర్కారు మా భాషకు పాత లిపి తీసేసి కొత్తది పెట్టిన దగ్గర్నుంచి మా ఊళ్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తున్నారు. మా భాషలో ‘హ’లు రెండు, ఒకటి మెత్తనిది, ఇంకొకటి గొంతు గీరేది; ఒకదాని బదులు ఇంకొకటి పడితే అర్థమే మారిపోతుంది. ఒకాయన భోజనశాలకు రాజభవనమని పేరు పెట్టబోయి కొమ్ముల భవనమని రాయించాడు. ఇంకో అక్షరం తప్పి, మా మందులే మేలైనవి అనబోయిన దుకాణదారుడు మా మందులే గుర్రపు జీను అన్నాడు. జనం ఆ మందులే కొన్నారు, మింగారు, బతికారు కూడా. బాధపడింది డొమ్లా ఒక్కడే. శుభలేఖ చేతికిస్తే ఎర్ర పెన్సిలుతో దిద్ది వెనక్కి ఇచ్చేవాడు. దాంతో ఆయనకు పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా పేటను మహల్లా అంటాం. యుద్ధానికి పోయి తిరిగిరాని మా మహల్లా వాళ్ల పేర్లు బడి గోడకున్న ఫలకం మీద పాత లిపిలో ఉండేవి. మహల్లా పెద్ద నజ్ముద్దీన్ రయీస్ వాటిని కొత్త లిపిలో పాలరాతి మీద చెక్కమన్నాడు. చెక్కింది నేనే. ముప్ఫై ఏడు పేర్లు, ఆయన కాగితంలో ఎలా ఉంటే అలా. అందులో డొమ్లా తండ్రి పేరు తప్పుడు ‘హ’తో పడింది. ఆ తండ్రి పోయేనాటికి డొమ్లా ఇంకా పుట్టలేదు. సమాధి ఏ దేశంలో ఉందో తెలీదు, ఫొటో లేదు. ఆయనకు తండ్రి అంటే ఆ గోడ మీది పేరే.

మూడుసార్లు నా కొట్టుకొచ్చాడు.

“నాయనా, ఆ రాతి మీదున్నది మా నాన్న కాదు, ఇంకెవరో.”

రయీస్‌ని అడగమని మూడుసార్లూ తప్పించుకున్నాను. రయీస్, చచ్చినవాళ్లు చదువుకుంటారా అన్నాడట. అయితే ఆదివారం కొత్త ఫలకం ఆవిష్కరణలో జిల్లా అధికారి ముందే అడుగుతానన్నాడు డొమ్లా.

మా దగ్గర మనిషి నోరు మూయించడానికి మర్యాదైన పద్ధతి ఒకటుంది. చపాను, అంటే జరీ కుట్టిన పొడుగు అంగీ, తెచ్చి భుజాల మీద కప్పుతారు. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాలి. పెద్దలు అరచేతులు చాచి దీవిస్తారు. ఆ తర్వాత, కప్పినవాడి మాటకు ఎదురు చెప్పినవాణ్ని ఊళ్లో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు.

ఆదివారం రయీస్ అదే చేశాడు. మా మహల్లా సలహాదారు అంటూ డొమ్లాకు చపాను కప్పాడు. డొమ్లా వంగాడు. దీవెన అయింది. ఫలకం మీది గుడ్డ లాగారు, చప్పట్లు కొట్టారు. ఎర్ర పెన్సిలు పని అయిపోయిందనుకున్నాను.

డొమ్లా చపాను విప్పాడు. వెనక నిలబడ్డ నా దగ్గరికొచ్చి దాన్ని నా భుజాల మీద కప్పాడు. తనకు కప్పింది ఇంకొకరికి కప్పడంలో తప్పేమీ లేదు. మా ఊరి చపాన్లు ఒక భుజం మీద నిలవవు, ఒక్కొక్కటి అయిదారు పెళ్లిళ్లు తిరిగి ఉంటుంది. రయీస్ మర్చిపోయింది అదే.

“మా నాన్న పేరు సరిగ్గా చెక్కబోయే ఉస్తా ఇతను. దీవించండి,” అన్నాడు డొమ్లా.

అలవాటు కొద్దీ అందరూ చేతులు చాచారు. జిల్లా అధికారి చాచాడు కాబట్టి రయీస్‌కూ తప్పలేదు. నేను వంగాను.

వెళ్తూ వెళ్తూ రయీస్ నా చెవిలో, “కొత్త రాయి మాత్రం అడక్కు,” అన్నాడు.

పాలరాతి మీద ఒక్క అక్షరాన్ని చెరపడం కుదరదు. పలక మొత్తం అరగదీసి ముప్ఫై ఏడు పేర్లూ మళ్లీ చెక్కాలి. మొదటిరోజే డొమ్లా పీట వేసుక్కూర్చుని పాత ఫలకంతో పోల్చి చూశాడు. ఇంకో తొమ్మిది తప్పులు తేలాయి. ఏడు రయీస్ కాగితానివి, రెండు అచ్చంగా నావి. ఆయన ఎక్కువసేపు మాట్లాడింది నా రెండిటి గురించే. ఆ తర్వాత రోజూ వచ్చి అక్షరం అక్షరం చదివి చెప్పాడు.

ఇరవై ఒకటో పేరు వాళ్ల నాన్నది. అక్కడ మాత్రం ఏమీ చదవలేదు. నేనే చెక్కి, దుమ్ము ఊది, పక్కకు జరిగాను. చాలాసేపు చూశాడు.

“అక్షరాల మధ్య ఎడం కాస్త ఎక్కువైంది,” అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. మిగిలిన పదహారు పేర్లూ నేనే పైకి చదువుకుంటూ చెక్కాను.