సంచీలోనే ఉన్న వైరు

ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే అతనికి ఏడాదిగా కింది స్వరాలు వినిపించడం లేదు. మాటలు వినిపిస్తాయి, తన తీగలే వినిపించవు. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని, చనిపోయిన అన్నయ్య ఇదే ఆర్కెస్ట్రాలో వాడిన, గిటార్ శబ్దాన్ని మార్చే ఎఫెక్ట్స్ పెడల్‌ను కాళ్ళ దగ్గర పెట్టుకుని, మీటిన స్వరమేదో చూపించే దాని ట్యూనర్‌లో వెలిగే స్వరాలను చూస్తూ నెట్టుకొస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం రిహార్సల్‌లో కీబోర్డు వాయించే బావ హెచ్చరించాడు. "యజమానికి నీ మీద అనుమానంగా ఉందిరా. కాస్త చెవులు దగ్గర పెట్టుకుని వాయించు."

అతను కళ్ళు ట్యూనర్‌కు అప్పగించి పాటంతా వాయించాడు. ఒక్క స్వరమూ తప్పలేదు.

"వాయించడమంటే ఇదీ! అచ్చం మీ అన్న చెయ్యే. ఇక నిన్ను తీసే మాటే లేదు," అన్నాడు యజమాని.

చెమట తుడుచుకోవడానికి అతను తువ్వాలు కోసం తన సంచీ తెరిచాడు. గిటార్‌ను పెడల్‌కు కలిపే వైరు, చుట్ట విప్పకుండా, అందులోనే ఉంది.

"ఏంట్రా, అలా బిగుసుకుపోయావు?" అన్నాడు బావ.

"ఏం లేదు బావా, తర్వాతి పాట కానివ్వండి."

సంచీని కాలితో కుర్చీ కిందికి నెట్టాడు. అతని వేళ్ళు తీగలను తాకకముందే, పెడల్ మీద మొదటి స్వరం వెలిగింది.